ఆల్బంలో ట్రాం, పంటు, పాత మోటారు కారు: ఆ ఫొటో ఏ ఊరిదో, ఏ కాలానిదో తేల్చుకోవడం ఎలా

తాతగారు ట్రాంబండి పక్కన నిలబడి ఉన్నారు, ఇది ఏ సంవత్సరం అయి ఉంటుంది? ఈ ప్రశ్న, కొంచెం మార్పుతో, నాకు తరచుగా ఎదురవుతూనే ఉంటుంది. ట్రాం బదులు గోదావరి లాంచీ ఉంటుంది, లేదా బండ్లను ఏరు దాటించే పంటు మీదికి ఎక్కుతున్న కారు ఉంటుంది. అడిగేవారందరూ ఒక సంవత్సరం చెప్పమంటారు. ఫొటో మాత్రం ఫలానా సంవత్సరం అని చెప్పదు; ఈ ఏటికి ముందుది కాదు, ఆ ఏటికి తరువాతది కాదు అన్నంత వరకే చెబుతుంది. ఆ రెండు హద్దులను ఎంత దగ్గరకు జరపగలమన్నదే ఇక్కడి పని. ఇంట్లో కూర్చుని, ఒకటి రెండు సాయంత్రాలలో, ఆ పని ఎలా చేయవచ్చో వరుసగా చెబుతాను.

కావలసినవి

ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంటే మంచిది. లేకపోతే మంచి కెమెరా ఉన్న ఫోను సరిపోతుంది. వాచీలు బాగుచేసేవారు, కంసాలులు కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటి, మెత్తని కుంచె ఒకటి, 2బి పెన్సిలు, ఉతికిన నూలు చేతి తొడుగులు లేదా శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులు, తెల్ల కాగితాలు, ఒక నోటుపుస్తకం. ఇవి కాక, ఆ కాలం గుర్తున్న పెద్దవారు ఒకరు ఉంటే సగం బరువు తగ్గుతుంది. వారితో మాట్లాడడానికి కూడా ఒక పద్ధతి ఉంది. అది ఆరవ మెట్టులో వస్తుంది.

1. ముందు ఫొటోను కాపాడండి

పొడిగా ఉన్న రోజున, ఫ్యాను ఆపి, బల్ల మీద తెల్ల కాగితం పరచి పని మొదలుపెట్టండి. ముసురు పట్టిన రోజున పాత ఫొటోలను తీయవద్దు. తేమకు పై పొర మెత్తబడి వేలిముద్రలు పడిపోతాయి. దుమ్మును కుంచెతో మధ్య నుండి అంచులకు తోయండి. తడిగుడ్డ, ఉమ్మి, స్పిరిటు, కళ్ళద్దాలు తుడిచే ద్రావకం, ఇవేవీ తాకించకండి. గాజు పలక నెగటివు అయితే అంచులు మాత్రమే పట్టుకోవాలి. మెరుపు లేని వైపే బొమ్మ ఉంటుంది కనుక ఆ వైపును కుంచెతో కూడా రుద్దవద్దు.

ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫొటోను ఊడదీయవద్దు. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను: మా ఇంటి హాల్లో గోడకు వేలాడిన ఒక ఫొటోను ఓపిక లేక లాగితే, పడవ నాకు దక్కింది, పడవలోని మనిషి ముఖం అద్దానికి దక్కింది. అలాంటి ఫొటోను అద్దంతో సహా స్కానర్ మీద పెట్టి నకలు తీయండి. జిగురు పేజీల ఆల్బంలో అంటుకున్నవాటి కింద పళ్ళు శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని అటూ ఇటూ మెల్లగా కోస్తున్నట్లు నడిపితే చాలావరకు వదులుతాయి; వదలకపోతే పేజీ మొత్తానికి నకలు తీసి ఊరుకోండి.

2. రెండు వైపులా నకలు తీయండి

అరచేతిలో ఇమిడే ఫొటోలకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క), అంతకన్నా చిన్నవాటికి 1200, పెద్ద ఎన్‌లార్జిమెంట్లకు 300 చాలు. నలుపు తెలుపు ఫొటో అయినా రంగుల పద్ధతిలోనే స్కాన్ చేయండి; సిరా రాత, ముద్రల రంగు, కాగితపు పసుపు అన్నీ తరువాతి మెట్లలో సాక్ష్యంగా పనికివస్తాయి. మొదటి నకలును టిఫ్ ఫైలుగా దాచి, దానిని ఎప్పుడూ మార్చకుండా, జేపెగ్ ప్రతి మీద పని చేయండి. ఫోనుతో తీసేటట్లయితే ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, ఫ్లాష్ ఆపి, ఫోనును ఫొటోకు సమాంతరంగా పట్టుకోండి. వెనుక వైపును మరచిపోవడం అందరూ చేసే పొరపాటు. అక్కడ ఏమీ రాసి లేకపోయినా సరే, నకలు తీయండి.

ఒక హెచ్చరిక. నలుపు తెలుపు ఫొటోకు రంగులు అద్దే యాప్‌లు, మసకను పదును చేసే యాప్‌లు ఈ దశలో వద్దు. అవి చూసినదాన్ని స్పష్టం చేయవు. లేనిదాన్ని ఊహించి గీస్తాయి. నెంబరుప్లేటు మీద, ట్రాం బోర్డు మీద అక్షరాలు మసకగా ఉంటే ఆ యాప్ తనకు తోచిన అక్షరాలు పెడుతుంది, మీరు వాటిని నమ్మి తేదీ కడతారు. గోడకు తగిలించుకోవడానికి రంగుల ప్రతి చేయించుకోండి, తప్పులేదు. పరిశీలన మాత్రం అసలు నకలు మీదే జరగాలి.

3. కాగితాన్ని చదవండి

బొమ్మలోకి వెళ్ళే ముందు భూతద్దంతో ఉపరితలాన్ని చూడండి. వరుసగా చిన్న చుక్కలు కనిపిస్తే అది ఫొటో కాదు, ముద్రణ. పుస్తకంలో నుంచో, అచ్చు పోస్టుకార్డులో నుంచో వచ్చింది. అలాంటి దాంట్లో తాతగారు ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటూ ఉంటే, ఆ మాటను కొంచెం అనుమానించాలి. ఊళ్ళు తిరిగినవారు అక్కడి ట్రాం వీధుల పోస్టుకార్డులు కొని తెచ్చి ఆల్బంలో సొంత ఫొటోల మధ్య పెట్టుకోవడం మామూలే.

పలుచని కాగితం, గోధుమ పసుపు ఛాయ, దళసరి అట్టకు అంటించి ఉండడం, ఇవి పందొమ్మిదవ శతాబ్దంలో గుడ్డు తెల్లసొన పూసి చేసిన ప్రింట్ల లక్షణాలు. ముదురు భాగాలు పక్కకు వంచి చూస్తే నీలివెండి మెరుపు ఇస్తే అది జిలాటిన్ ప్రింటు. 1890ల నుంచి రంగుల ఫొటోలు ఇంటింటికీ వచ్చేదాకా రాజ్యమేలినది అదే. పోస్టుకార్డు వెనుక చిరునామాకు, ఉత్తరానికి మధ్య నిలువు గీత ఉంటే అది ఇరవయ్యవ శతాబ్దపుది. అలాంటి కార్డులను బ్రిటన్ 1902లోనూ, అమెరికా 1907లోనూ అనుమతించాయి.

తపాలా ముద్ర మీద తేదీ ఉంటే సంబరపడకండి. అది కార్డు వేసిన తేదీ, ఫొటో తీసిన తేదీ కాదు. అమ్ముడుపోయే బొమ్మను ఏళ్ళ తరబడి అచ్చు వేసేవారు. స్టూడియో ముద్రకూ ఇదే వర్తిస్తుంది: పాత ఫొటోకు కొత్త ప్రతి తీయించుకున్నప్పుడు ముద్ర కొత్త స్టూడియోది పడుతుంది.

వెనుక రాసిన ఊరి పేరును అప్పటి భాషలో చదవాలి. నెల్లూరు వైపు పెద్దలు పట్నం అంటే మద్రాసు; తెలంగాణలో పట్నం అంటే హైదరాబాదు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల వారు రంగం వెళ్ళాం అంటే బర్మాలోని రంగూను వెళ్ళారన్నమాట. పట్నంలో తీసుకున్నది అన్న ఒక్క రాతతో ట్రాం ఫొటోను హైదరాబాదుకు కట్టేసినవారిని నేను ఎరుగుదును.

4. బొమ్మ తిరగబడిందేమో చూడండి

నెగటివును తప్పు వైపు పెట్టి ప్రింటు వేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. బోర్డుల మీద అక్షరాలు ఉంటే వెంటనే తెలుస్తుంది. లేకపోతే మన దేశపు కారులో స్టీరింగు కుడివైపు ఉండాలి, బండ్లు రోడ్డుకు ఎడమ పక్క పోతూ ఉండాలి, చొక్కా జేబు ఎడమవైపు ఉండాలి, పైట ఎడమ భుజం మీద ఉండాలి. గుజరాతీ కట్టులో పైట కుడి భుజం మీదికి వస్తుంది కనుక ఆ ఒక్క గుర్తుతో తీర్పు ఇవ్వవద్దు. జందెం ఎడమ భుజం మీద నుంచి దిగుతుంది. అయితే రేవులో పితృకార్యం చేస్తున్నవారికి అది కుడి భుజం మీదే ఉంటుంది. రెండు గుర్తులు కలిస్తేనే బొమ్మను తిప్పండి, తిప్పినట్లు నోటుపుస్తకంలో రాయండి.

5. వాహనాన్ని పట్టుకోండి

*ట్రాం అయితే* పని సగం తేలిక, ఎందుకంటే తెలుగు నేల మీద ఏ పట్టణంలోనూ వీధి ట్రాం నడవలేదు. హైదరాబాదులో గానీ, బెజవాడలో గానీ, విశాఖలో గానీ అది లేదు. మనవారి ఆల్బాలలోని ట్రాం చాలావరకు మద్రాసుది. తరువాత కలకత్తా, బొంబాయి, రంగూన్.

మద్రాసులో ఎలక్ట్రిక్ ట్రాం 1895 మే 7న మొదలైంది, 1953 ఏప్రిల్‌లో ఆగిపోయింది. ఈ రెండు తేదీలే మీ మొదటి హద్దులు. తొలినాళ్ళలో కరెంటును పట్టాల మధ్య నేలలో తవ్విన కాలువ నుంచి అందించేవారు. వానలకు అది నిలవలేక పైన తీగలు కట్టారు. కాబట్టి పైన తీగ లేని మద్రాసు ట్రాం చాలా పాతది కావచ్చు. కావచ్చు అనడానికి కారణం ఉంది: సన్నని తీగ తెల్లని ఆకాశంలో కరిగిపోతుంది. తీగను వెతకకండి, తీగను మోసే స్తంభాలను, బండి కప్పు మీద నిలిచిన పొడుగాటి కర్రను వెతకండి.

వెనుక ఉన్న కట్టడాలు హద్దులను ఇంకా దగ్గరకు తెస్తాయి. సెంట్రల్ స్టేషన్ పక్కన రిప్పన్ భవనం పూర్తిగా నిలిచి ఉంటే ఫొటో 1913 ప్రాంతానికి ముందుది కాదు. మౌంట్ రోడ్డు మీద పద్నాలుగు అంతస్తుల ఎల్ఐసీ భవనం 1959లో ప్రారంభమైంది. ట్రాం, ఆ భవనం ఒకే ఫొటోలో కనిపిస్తే ఎవరో అతికించారన్నమాట.

కలకత్తాలో గుర్రపు ట్రాం 1873లో కొన్ని నెలలు నడిచి ఆగి, 1880 నుంచి మళ్ళీ నడిచింది. ఎలక్ట్రిక్ బండి 1902లో వచ్చింది. రెండు పెట్టెలు జతగా, మొదటి తరగతి, రెండవ తరగతిగా కనిపిస్తే ముందు కలకత్తాను తలచుకోండి. ఇనుప దూలాల హౌరా వంతెన వెనుక ఉంటే 1943 తరువాతది; దానికి ముందు అక్కడ పడవల మీద తేలే వంతెన ఉండేది. బొంబాయిలో గుర్రపు ట్రాం 1874 నుంచి, ఎలక్ట్రిక్ ట్రాం 1907 నుంచి, రెండంతస్తుల ట్రాం 1920 నుంచి; అన్నీ 1964 మార్చి 31తో ముగిశాయి. రంగూన్‌లో ఎలక్ట్రిక్ ట్రాం 1906లో మొదలై రెండవ ప్రపంచ యుద్ధంతో ఆగిపోయింది. రోడ్డు నడిమధ్యన సూలే పగోడా బంగారు శిఖరం కనిపిస్తే ఇక వేరే సాక్ష్యం అక్కరలేదు.

*పడవ, లాంచీ, పంటు అయితే* ముందు పేరు సరిగా పెట్టండి, ఎందుకంటే ఈ మూడింటినీ ఒకటిగా రాసేయడం వల్లనే సగం తప్పులు వస్తున్నాయి. గెడ వేసో, తెరచాప ఎత్తో, గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగో నడిపేది పడవ. ఆకుల గూడు ఉంటే గూటి పడవ, అది ఎక్కువగా కాలువలది. ఇంజను, పొగగొట్టం, నడిపే సరంగు ఉంటే లాంచీ. బండ్లను, కార్లను, లారీలను ఎక్కించుకునే బల్లపరుపు నావ పంటు. తాడు పట్టుకుని ఏరు దాటించేది బల్లకట్టు. గుండ్రంగా తట్టలా ఉంటే పుట్టి. అది కృష్ణ, తుంగభద్ర ఎగువ భాగాలలో ఎక్కువ.

రాజమండ్రి, కొవ్వూరు రేవుల ఫొటోలకు వెనుక ఉన్న వంతెనలే పంచాంగం. రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లతో ఒకే రైలు వంతెన ఉంటే అది 1900లో తెరిచిన హేవలాక్ వంతెన. కింద రైలు, పైన రోడ్డు ఉన్న వంతెన 1974లో వచ్చింది. విల్లు ఆకారపు కమానులు కనిపిస్తే 1990ల తరువాతది. ఏ వంతెనా లేకపోతే 1900కు ముందుదని తీర్మానించకండి. ఫొటో తీసినవారు ఎగువకు తిరిగి నిలబడి ఉంటే వంతెన వీపు వెనుక ఉండిపోతుంది. నీటి వాలు, గట్టు, ఘాటు మెట్లు చూసి కెమెరా ఏ దిక్కుకు చూస్తున్నదో ముందు తేల్చుకోవాలి.

కృష్ణ మీద బెజవాడ దగ్గర పంటు ఫొటో అయితే, ప్రకాశం బ్యారేజీ 1957 డిసెంబరులో ప్రారంభమైందని గుర్తుంచుకోండి. దానికి ముందున్నది 1855లో పూర్తయిన పాత ఆనకట్ట. భద్రాచలం వంతెన 1965ది. ఇక్కడ అందరూ జారిపడే గుంట ఒకటి ఉంది. వంతెన వచ్చిన చోట రేవు మూతపడుతుందని అనుకోవడం సహజం గానీ, వేరే వేరే రేవులు వేరే వేరే కాలాల దాకా నడిచాయి. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన 2002లో గానీ రాలేదు. నరసాపురం, సఖినేటిపల్లి పంటును మన కాలంలోనూ ఎక్కినవారు ఎందరో ఉన్నారు. పంటు కనిపించింది కాబట్టి పాత ఫొటో అని అనడానికి వీల్లేదు. పంటు మీది కారును చూడండి.

*కారు, బస్సు అయితే* దీపాలు, చక్రాలు, నెంబరుప్లేటు, ఈ వరుసలో చూడండి. కర్ర ఆకుల చక్రాలు, ముందు తిప్పే హ్యాండిలు, గుడ్డ కప్పు ఉన్న ఫోర్డ్ మోడల్ టి 1908 నుంచి 1927 వరకు తయారైంది. హెడ్‌లైట్లు విడిగా కాడల మీద నిలబడి ఉంటే 1930ల నాటి లేదా అంతకు ముందటి తయారీ. మడ్‌గార్డులో కలిసిపోయి ఉంటే ఆ తరువాతది. హెడ్‌లైట్లకు చీలిక మాత్రమే వదిలిన మూతలు, మడ్‌గార్డు అంచుకు తెల్ల రంగు ఉంటే యుద్ధకాలపు చీకటి నిబంధనల ఫలితం. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడిన రోజులవి. బస్సు వెనుకో పక్కనో పొడుగాటి డ్రమ్ము వేలాడుతూ ఉంటే అది బొగ్గు బస్సు. పెట్రోలు కరవులో బొగ్గు నుంచి వచ్చే గ్యాసుతో నడిచింది, కనుక 1940ల మొదటి భాగం అనుకోవచ్చు.

ల్యాండ్‌మాస్టరు 1950ల మధ్యది. అంబాసిడర్ 1957-58లో వచ్చి 2014 దాకా తయారైంది కాబట్టి అంబాసిడర్ అన్న ఒక్క మాట ఏమీ తేల్చదు; ముందరి జాలీ మార్పులను పోల్చి చూడాలి. లారీ మీద టాటా పేరుతో పాటు మెర్సిడెస్ మూడు కొసల నక్షత్రం ఉంటే ఆ బండి 1954, 1969 మధ్య తయారైంది. మూడు అక్షరాలు, నాలుగు అంకెల వరకు ఉన్న నెంబరు 1989కి ముందటి పద్ధతి. రాష్ట్రం రెండక్షరాలు, జిల్లా అంకె ఆ ఏడు నుంచి మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పాత నెంబర్లలో మూడవ అక్షరం జడ్ అయితే అది ఆర్టీసీ బస్సు. నిజాం తన తల్లి జెహ్రా బేగం పేరు మీద ఆ అక్షరం కోరారని చెబుతారు. హైదరాబాదు రాష్ట్రంలో ప్రభుత్వ బస్సులు 1932 జూన్‌లో, రైల్వే శాఖ కింద, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలయ్యాయి. అందుచేత ఆ శాఖ బస్సు ఉన్న చార్మినార్ ఫొటోకు అదే దిగువ హద్దు.

తయారీ సంవత్సరం ఫొటో సంవత్సరం కాదన్న మాటను మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి. మన ఊళ్ళలో కార్లు ముప్పై ఏళ్ళు నడిచేవి. 1928 కారు 1950లో పెళ్ళి ఊరేగింపులో ఉండడం వింత కాదు. ఇంకొకటి: స్టూడియోలలో, తీర్థాలలో అట్టతో చేసిన కారులో కూర్చోబెట్టి ఫొటోలు తీసేవారు. చక్రాల కింద నీడ లేకపోతే, తలుపు మందం కనిపించకపోతే, ఆ కారు కోసం ఎక్కువ వెతకవద్దు.

6. పెద్దవారిని అడగండి

ఏ సంవత్సరం అని అడగకండి. ఏదో ఒక అంకె చెప్పి, తరువాత దానికే కట్టుబడి ఉంటారు. పుష్కరాలకు ముందా తరువాతా అని అడగండి. గోదావరి పుష్కరాలు 1956, 1967, 1979, 1991 సంవత్సరాలలో వచ్చాయి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన 1953, దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 కూడా మంచి మేకులు. అప్పటికి పెద్దమామయ్య పెళ్ళి అయిందా, అత్తయ్య పుట్టిందా అన్న ప్రశ్నలు వీటన్నిటికన్నా బాగా పనిచేస్తాయి. మీరు కట్టిన తేదీని ముందు చెప్పవద్దు. చెబితే అవునవునంటారు.

7. రెండు గీతల మధ్య పెట్టండి

నోటుపుస్తకంలో పేజీని నిలువుగా మూడు భాగాలు చేసి, కనిపించిన గుర్తు, దానికి ముందు కాదు, దానికి తరువాత కాదు అని రాయండి. ఒక ఫొటో ఉందనుకుందాం: వెనుక పట్నం అన్న రాత, బొమ్మలో ట్రాం, రిప్పన్ భవనం, మూతలు పెట్టిన హెడ్‌లైట్ల కారు. ట్రాం 1895-1953 ఇస్తుంది, భవనం దిగువ హద్దును 1913కు లేపుతుంది, హెడ్‌లైట్ల మూతలు దానిని యుద్ధ సంవత్సరాలకు కుదిస్తాయి. దిగువ హద్దులలో అన్నిటికన్నా ఆలస్యమైనదీ, ఎగువ హద్దులలో అన్నిటికన్నా ముందుదీ మాత్రమే మీకు పనికివస్తాయి. తక్కినవి తప్పు కాదు, అనవసరం. దిగువ హద్దు ఎగువ హద్దును దాటిపోతే ఎక్కడో ఒక గుర్తును తప్పుగా చదివారు, లేదా అది అతుకు ఫొటో. సగటు తీయడం మాత్రం చేయకండి.

8. సరిచూసుకుని రాసి పెట్టండి

మీ జవాబు చెప్పకుండా ఫొటోను మరొకరికి ఇచ్చి వారి చేత కూడా ఈ పట్టిక కట్టించండి. ఇద్దరి హద్దులు కలవని చోట మళ్ళీ భూతద్దం పట్టండి. ఊరు తెలిసిన ఫొటో అయితే ఇప్పుడు అక్కడికి వెళ్ళి, లేదా వీధి చిత్రాలున్న మ్యాపు తెరచి, కట్టడాల మధ్య ఖాళీలు, గుడి గోపురం ఎత్తు సరిపోతున్నాయేమో చూడండి. మనుషులు, బండ్లు మారినా కట్టడాల మధ్య దూరం మారదు.

తేలినదాన్ని ఫొటో వెనుక అంచున పెన్సిలుతో, నొక్కకుండా, ఒక సంఖ్య మాత్రమే వేసి, వివరమంతా నోటుపుస్తకంలోనూ ఫైలులోనూ రాయండి. బాల్‌పెన్ను రాత ముందు వైపుకు ఉబికి వస్తుంది. ఫైలు పేరు మద్రాసు-ట్రాం-1939-1945-ముందు, మద్రాసు-ట్రాం-1939-1945-వెనుక అన్నట్లు ఉంటే హద్దులు ఎప్పటికీ వెంట ఉంటాయి. మీరు రాసినదానిలో ఏది ఫొటో చెప్పింది, ఏది అమ్మమ్మ చెప్పింది, ఏది మీ ఊహ అన్నది వేరు వేరుగా ఉండాలి. పదేళ్ళ తరువాత మీకే తేడా తెలియదు.

ఇంట్లో తీసుకున్నవి కాక ఇతరుల ఫొటోలను ప్రచురించదలిస్తే, మన చట్టంలో, 2012 సవరణ తరువాత, ఫొటో హక్కు తీసినవారు మరణించిన తరువాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు ఉంటుందని చూసుకోండి. అసలు ఫొటోలను ఆమ్లం లేని కాగితపు కవర్లలో, పొడి బీరువాలో, కలరా ఉండలు వేయకుండా నిలువుగా పెట్టండి, వానాకాలం ముగిశాక ఒకసారి తీసి బూజు పట్టిందేమో చూడండి.